మోగని గొట్టం

పోయిన వారం లోవెల్ టీగ్‌ని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? పైన్ గ్యాప్ ట్రాక్ గ్యారేజీలో, చంకలో హెల్మెట్ పెట్టుకుని, ప్రాక్టీసులో తనకొచ్చిన టైము చూసి తల వేలాడేసి నిలబడ్డాడు. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. జాతీయ స్టాక్ కార్ ఛాంపియన్‌షిప్‌లో మిగిలినవి రెండే రేసులు, అందులో ఒకటి రేపే. పాయింట్లలో బక్ రెన్‌ఫ్రో ముందున్నాడు. వసంతంలో వరసగా గెలిచిన పుణ్యమా అని లోవెల్ ఇంకా అతని వెనకే ఉన్నాడు. రేపు గెలిస్తే లోవెల్‌ది పైచేయి. గెలవకపోతే ఛాంపియన్‌షిప్ ఆశ వదులుకోవాల్సిందే. కారు మీద పేరు రాయించుకున్న ఎరువుల కంపెనీ వాళ్ళు వచ్చే ఏడు వేరే డ్రైవర్ని చూసుకుంటామని మొహం మీదే చెప్పేశారు కూడా.

అసలు బాధ అదీ కాదు. జూన్‌లో రెడ్ స్ప్రింగ్ ట్రాక్‌లో కారు గోడకు కొట్టుకుని, తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడు చూశారూ, అప్పట్నుంచీ లోవెల్ మునుపటి లోవెల్ కాదు. ఈ గుండ్రటి ట్రాకుల్లో మలుపులన్నీ ఎడమకే. తిన్నని దారిలో బాగానే పోతాడు. మలుపు దగ్గరికొచ్చేసరికి కారు ముక్కు తిప్పనని మొరాయిస్తుంది, కుడిపక్కనుండే బయటి గోడవైపు జారిపోతుంది. కారు బాగోగులు చూసేది హోబర్ట్ మాబ్రీ, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. "కారుకేం రోగం లేదు, నువ్వే మలుపుకి ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేస్తున్నావ్" అంటాడాయన. ఆ మాట వినీ వినీ లోవెల్‌కి కూడా నిజమేనేమో అనిపించడం మొదలైంది. తన కాలు తన మాట వినడం మానేసిందా? లోపలెక్కడో పిరికితనం చేరిందా? చేరితే తనకు తెలియకుండా ఉంటుందా? ఎంత ఆలోచించినా ఆ చిక్కు వీడలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం టైర్లు మార్చే డోయిల్ తన సిద్ధాంతం మళ్ళీ ఎత్తుకున్నాడు.

"నేను ముందే చెప్పాను అన్నా. రెడ్ స్ప్రింగ్‌లో ఎవడో మన గ్యారేజీలో వేరుశనక్కాయల తొక్కలు పోశాడు. ఆ రోజు నుంచే మనకి శని పట్టింది."

"నోరు మూసుకుని ఆ చక్రం బిగించరా బాబూ" అన్నాడు హోబర్ట్. అలా అన్నాడే గానీ, అలవాటుగా కారు కింద నేలంతా ఒకసారి కలియజూశాడు. గ్యారేజీలో వేరుశనక్కాయ కనిపిస్తే ఆయనకీ గుండె ఝల్లుమంటుంది. ఒప్పుకోడు, అంతే.

అదిగో, అప్పుడే వచ్చాడు తనిఖీ అధికారి పర్విస్ యోకమ్, చేతిలో డ్రిల్లింగ్ మిషన్‌తో.

పోయిన నెల ఒక కారు పల్టీలు కొట్టి, డ్రైవరు చుట్టూ ఇనుప గొట్టాలతో కట్టే పంజరం అప్పడంలా నలిగిపోయింది. గొట్టాలు కొలత కన్నా పల్చగా ఉన్నాయని ఆ తర్వాత తేలింది. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది కదా, ఆ కక్కుర్తి. అప్పట్నుంచీ పర్విస్ ఏ కారునీ వదలడం లేదు. ప్రతి పంజరానికీ చిన్న చిల్లు పెట్టి, అందులోంచి ఇనుము మందం చూస్తున్నాడు. పొద్దుట్నుంచి ఇద్దర్ని పట్టుకున్నాడు కూడా.

"ఏంటి హోబర్ట్, చెమటలు పడుతున్నాయా?" అన్నాడు పర్విస్ నవ్వుతూ.

"నీ మొహం. నా గొట్టాలు చూసి నువ్వే సిగ్గుపడతావ్. పెట్టుకో చిల్లు, ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో."

పర్విస్ కుడి తలుపువైపు వంగి, అడ్డగొట్టం మీద రంగు కాస్త గీకి, డ్రిల్లు ఆనించాడు. మిషన్ గుర్రుమంది. సన్నటి రజను రాలింది. మామూలుగా అయితే ఇట్టే లోపలికి దిగి, బోలులోకి జారాల్సిన డ్రిల్లు ములికి దిగలేదు. పర్విస్ ఇంకా గట్టిగా నొక్కాడు. పొగ వచ్చింది. టప్పుమని ములికి విరిగింది.

"ఇదేంటయ్యా?"

ఇంకో ములికి వేశాడు, అదీ విరిగింది. పర్విస్ జేబులోంచి పానా తీసి ఎడమవైపు గొట్టం మీద కొట్టాడు. టంగున మోగింది. కుడివైపు గొట్టం మీద కొట్టాడు. దబ్. దాని కిందిదీ దబ్. నెత్తిమీద కుడిపక్క గొట్టమూ దబ్బే. ఆయన వెనక్కి జరిగి లోవెల్‌ని, హోబర్ట్‌ని, చివరికి డోయిల్‌ని కూడా ఎగాదిగా చూశాడు.

"ఇది గొట్టం కాదు. లోపల కడ్డీ ఉంది. నిలువెల్లా ఇనుమే."

"కడ్డీనా?" అన్నాడు లోవెల్.

"కడ్డీయేనయ్యా. కుడిపక్కంతా నింపేశారు." పర్విస్‌కి నవ్వు ఆగలేదు. "నా సర్వీసంతా బరువు దొంగల్ని పట్టుకోవడంతోనే సరిపోయింది. కాటా ఎక్కేటప్పుడు సీటు కింద సీసం పెట్టి, దిగాక తీసేసే వాళ్ళని చూశా. సీసం హెల్మెట్ పెట్టుకొచ్చిన మహానుభావుణ్ణి చూశా. ఎదురు బరువు మోసేవాణ్ణి మాత్రం ఇవాళే చూస్తున్నా! కుడిపక్క ఇంత ఇనుము పెట్టుకుని ఎడమకి ఎలా తిప్పుతున్నావయ్యా బాబూ?"

చుట్టుపక్కల కార్ల దగ్గర పనిచేసేవాళ్ళు తలలెత్తి చూశారు. నవ్వు ఒక కారు దగ్గర్నుంచి ఇంకో కారు దగ్గరికి పాకింది. రెన్‌ఫ్రో మనుషుల్లో ఒకడు "తూకం వేసి అమ్ముతారా?" అని అరిచాడు. లోవెల్ మొహం ఎర్రబడింది.

"ఇది తప్పా?" అని అడిగాడు.

"పల్చగా ఉంటే తప్పు. లావుగా ఉంటే తప్పని ఏ రూల్లోనూ లేదు, ఇలాంటివాడు పుడతాడని ఎవరూ అనుకోలేదు మరి" అన్నాడు పర్విస్. పోబోతూ ఆగి, నవ్వు తగ్గించాడు. "తీసుకుంటే ఇప్పుడే తీసుకోండి. సాయంత్రం సైరన్ మోగాక కారు ముట్టుకోనివ్వను. ఆ సంగతి మీకు తెలుసు."

ఆయన వెళ్ళిపోయాడు. లోవెల్ బుర్రలో సంత జరుగుతోంది. ఎవరు పెట్టారు? రెన్‌ఫ్రో మనుషులా? వాళ్ళు తమ ఊరొచ్చి, కారు కట్టే మామ షెడ్డులో దూరి, పంజరం కోసి, కడ్డీలు దూర్చి, మళ్ళీ అతికి, రంగు వేసి పోయారా? అంత పని చేసేవాళ్ళు ఇంజిన్లో గుప్పెడు ఇసుక పోస్తే సరిపోయేదిగా. పోనీ డోయిలా? వాడికి వెల్డింగే రాదు. మరింకెవరు? ఆ పంజరం కట్టిన చెయ్యి ఒకటే.

ఆ ఆలోచన వెనకే ఇంకోటి తన్నుకొచ్చింది, దాంతో లోవెల్‌కి ఒక్కసారిగా ఊపిరాడింది. కారే బరువు! కాలు ఎత్తింది తను కాదు! ఇన్ని నెలలు తను పిరికివాడనుకుని కుమిలిపోయాడే, అదంతా అబద్ధం! సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది. ఆ సంతోషం పూర్తిగా గొంతులోకి రాకముందే కోపంగా మారిపోయింది.

"మామా!"

హోబర్ట్ కారులోకి వంగి ఉన్నాడు. పానాతో తనే స్వయంగా కొట్టి చూసుకుంటున్నాడు. దబ్, దబ్, దబ్.

"నిన్నే మామా! నా పంజరంలో ఇనుము నింపి, నన్ను పిరికివాణ్ణన్నావా? నా ఎదురుగా నిలబడి, కాలు ఎత్తేస్తున్నావ్ అంటే తల వంచుకుని విన్నానే! రాత్రుళ్ళు నిద్ర పట్టక చచ్చానే! ఇంతా చేసి అది నీ ఇనుమా?"

"ఆగరా" అన్నాడు హోబర్ట్. గొంతులో మామూలు గద్దింపు లేదు. "నన్ను చూడనీ."

"ఏం చూస్తావ్, నువ్వు పెట్టిందే కదా!"

"నేనెందుకు పెడతానురా, నాకేమన్నా పిచ్చా?" అంటూ హోబర్ట్ గోటితో గొట్టం చివర రంగు గీకాడు. రంగు కింద వెల్డింగ్ అతుకు బయటపడింది. కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుని దగ్గరగా చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన భుజాలు మెల్లిగా కిందికి దిగాయి. మళ్ళీ లేచేసరికి మనిషి మొహం మారిపోయి ఉంది.

"నేనే పెట్టా" అన్నాడు.

లోవెల్‌కి ఏమీ అర్థం కాలేదు. "ఇప్పుడేగా పెట్టలేదన్నావ్?"

"అబద్ధం చెప్పా. నేనే పెట్టా. జూన్‌లో నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నా కూతురు బతుకు అన్యాయం అయిపోతుందని పెట్టా. చాలా? డోయిల్, ఆ గ్యాస్ కట్టర్ పట్రా. కోసి పారేసి బోలు గొట్టాలు అతికేస్తా. సైరన్ మోగేలోపు అయిపోతుంది."

"ఎవరు పెట్టినా తీసేటోడివి నువ్వేలే" అని గొణుక్కుంటూ డోయిల్ సిలిండర్ బండి లాక్కురావడానికి పోయాడు.

ఇదేం మనిషి? లోవెల్ మామ వంక తేరిపార చూశాడు. హోబర్ట్ మాబ్రీకి వెయ్యి అవలక్షణాలున్నాయి. ఇతర్ల కాఫీ తాగేస్తాడు, అందరి ఇంజిన్లకీ వంకలు పెడతాడు, చర్చిలో గురక పెడతాడు. కానీ తప్పు తనది కాకపోతే తనదని ఒప్పుకునే గుణం మాత్రం ఆయనకి ఏ జన్మలోనూ లేదు. తనదైనా ఒప్పుకోడు. అలాంటివాడు క్షణంలో కాదన్నది ఔనన్నాడు. మధ్యలో జరిగింది ఒకటే. అతుకు చూశాడు.

లోవెల్ ఆయన్ని పక్కకి జరిపి తనే వంగాడు.

అతను పెరిగింది కూడా ఆ షెడ్డులోనే. ఎవరి అతుకు ఎవరిదో రంగు వేయకముందు చూస్తే చెప్పేస్తాడు. కరిగిన ఇనుము చిన్నచిన్న గవ్వలు పేర్చినట్టు గడ్డకడుతుంది. హోబర్ట్ గవ్వలు లావుగా, తొందర తొందరగా, కుడికి వాలి ఉంటాయి. ఇవి సన్నగా, ఓపిగ్గా, ఎడమకి వాలి ఉన్నాయి. ఆ షెడ్డులో ఎడమచేత్తో వెల్డింగ్ చేసే మనిషి ఒక్కరే. కూతురికి ముద్దుకి నేర్పిన విద్య కాస్తా తన కన్నా బాగా అబ్బిందని హోబర్ట్ లోలోపల మురిసిపోతుంటాడు.

"మామా, ఇది నెల్డా చెయ్యి."

"కాదు, నాదే" అన్నాడు హోబర్ట్, నేల చూస్తూ.

లోవెల్ అప్పటికే నడక మొదలుపెట్టాడు.

గ్యారేజీలోకి ఆడవాళ్ళని రానివ్వరు. అరిష్టమంటారు, రూలంటారు, అడిగితే రెండూ ఒకటే అంటారు. కాబట్టి భార్యలందరూ ఇనుపజాలీ కంచెకి అవతల, ట్రక్కుల తొట్టెల మీద కూర్చుని, ఐసు వేసిన తీపి టీ తాగుతూ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ ఉంటారు. మొగుళ్ళకి చెడ్డ శకునమైన శనక్కాయలు వాళ్ళకెందుకో పడతాయి. లోవెల్ వచ్చే వాలకం చూసి నెల్డా ఒళ్ళోని తొక్కలు దులిపేసుకుని, ట్రక్కు మీంచి దిగి, కంచె దగ్గరికొచ్చింది. మిగతా ఆడవాళ్ళు మాటలాపి టీ గ్లాసుల్లోకి చూడటం మొదలుపెట్టారు. వినడానికన్నమాట.

"పర్విస్ చిల్లు పెట్టాడా?" అంది నెల్డా.

అతను అడగకముందే అడిగేసింది. లోవెల్ దారిపొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అయితే నువ్వే?"

"నేనే."

"మీ నాన్న తనే చేశానంటున్నాడు."

"ఆయనకి తెలీదు. ఇంజిన్ తేవడానికి పక్క రాష్ట్రం వెళ్ళాడు కదా, అప్పుడు కోసి పెట్టా. ఆయనొచ్చేసరికి రంగు కూడా ఆరిపోయింది." ఒక క్షణం ఆగింది. "నెత్తినేసుకున్నాడా? పిచ్చి నాన్న."

"నీకు పిచ్చి! ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఈ ఏడాదంతా నాశనం చేశావ్! గెలవాల్సిన రేసులు ఎన్ని పోయాయి? పోతే పోయాయి, నేను... నేను భయపడిపోయాననుకున్నా నెల్డా. నా భార్యవి, పక్కనే పడుకుంటావ్, నేను కుళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పొద్దని మాట తీసుకున్నారు."

"ఎవరు?"

"నువ్వు."

లోవెల్ నవ్వాడు. అది నవ్వులా లేదు. "నేనా? నేనెప్పుడన్నా?"

"ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు. మంచమ్మీద లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. గోడ లోపలికొచ్చేసింది నెల్డా, గోడ నా ఒళ్ళోకి వచ్చేసింది అని. కుడిపక్కంతా ఇనుము పెట్టు అన్నావు. మామకి చెప్పకు, నాకూ చెప్పకు, తర్వాత నేనే అడిగినా చెప్పకు, తెలిస్తే తీసేస్తా అన్నావు. నా చేత ఒట్టు వేయించుకున్నావు."

"అబద్ధం."

"అబద్ధమా?"

"పచ్చి అబద్ధం. నువ్వే భయపడి పెట్టి, ఇప్పుడు నా మీదకి తోస్తున్నావ్. నేను ఏడవలేదు. నేను... ఆ రోజు..."

ఆ రోజు ఏం చేశాడు? లోవెల్ వెతుక్కున్నాడు. ఆసుపత్రి కిటికీ గుర్తుంది. డాక్టరు వేలు అటూ ఇటూ ఊపడం గుర్తుంది. అన్నీ గుర్తున్నాయా అని డాక్టరు అడగడం, అన్నీ గుర్తున్నాయి సార్ అని తను చెప్పడం గుర్తుంది. తర్వాత షెడ్డులో కొత్త రంగు వాసన గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఏముంది? చేత్తో తడిమితే గోడ తగలాల్సిన చోట తలుపు తెరిచి ఉన్నట్టుంది. ఇన్నాళ్ళూ ఆ ఖాళీ వైపు తను ఒక్కసారైనా చూశాడా? చూడకుండా తప్పుకు తిరిగాడా?

"ఆ కడ్డీలు ఎక్కడివనుకున్నావ్?" అంది నెల్డా. గొంతు తగ్గించింది, వెనక గ్లాసుల్లోకి చూస్తున్న వాళ్ళకి వినపడకుండా. "కొన్నవి కావు. మీ నాన్న రాత్రుళ్ళు దొంగసారా తోలిన బండివి. ఇరుసు కడ్డీలు. పోలీసులకి దొరక్కుండా ఆయన పొగాకు కొట్టంలో నేలపలకల కింద పాతిపెట్టినవి."

లోవెల్ కంచె పట్టుకున్నాడు.

ఆ చోటు సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు తండ్రి, ఆయన ఎప్పుడో పోయాడు. రెండోవాడు తను. తండ్రికిచ్చిన మాట మీద తమ్ముడికి చెప్పలేదు, నెల్డాకి చెప్పలేదు, తాగిన మైకంలో కూడా నోరు జారలేదు.

"మూలనున్న పలక, మేకు లేనిది, అని చెప్పావు" అంది నెల్డా. "మంచి ఇనుము నెల్డా, మా నాన్నని ఏ రాత్రీ మోసం చెయ్యలేదు, నన్నూ చెయ్యదు అన్నావు. నాకు ఇంకెవరు చెప్తారయ్యా ఆ మాట?"

ఇందాక గ్యారేజీలో పొందిన సంతోషం, ఆ కోపం, రెండూ కాళ్ళ కిందనుంచి జారిపోయాయి. కారు బరువు కాబట్టి తను పిరికివాడు కాదనుకున్నాడు. ఆ బరువు పెట్టించిందే తనయితే? భయపడింది తనే, దాచింది తనే, దాచిన సంగతి మర్చిపోయిందీ తనే. ఇంకా ఏమేం మర్చిపోయాడు? ఆ తర్వాత నడిపిన రేసులన్నీ గుర్తున్నాయా? నిన్న పొద్దున ఏం తిన్నాడు? మెత్తటి బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ. అది నిన్నటిదేనా, మొన్నటిదా?

"తలనొప్పి వస్తోంది కదూ" అంది నెల్డా. అడగడం కాదు, చెప్పడం. "రోజూ వస్తోంది. మాత్రలు ట్రక్కు సీటు కింద దాచుకుంటున్నావు. నాకు తెలుసని నీకు తెలీదు."

"రేపు గెలిస్తే చాలు" అన్నాడు లోవెల్. మాట తడబడింది. "ఆ ఇనుము తీసేస్తే గెలుస్తా నెల్డా. నిజంగా గెలుస్తా. చాలా దగ్గర్లో ఉన్నా."

"గెలుస్తావు. నాకు తెలుసు." ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. "కానీ నేను ఎవరి మాట వినాలి? ఆ రోజు ఏడ్చినవాడూ నా మొగుడే. వాడికి నేనిచ్చిన మాట ఏం కాను?"

వెనక గ్యారేజీలో గ్యాస్ కట్టర్ భుస్సుమంది. లోవెల్ తిరిగి చూశాడు. హోబర్ట్ నల్లద్దాలు పెట్టుకుని, నీలం మంట చేత్తో పట్టుకుని, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొయ్యడం లేదు. వాళ్ళిద్దరి వైపే చూస్తున్నాడు. పక్కన డోయిల్ నోరెళ్ళబెట్టి నిలబడ్డాడు. దూరంగా సైరన్ స్తంభం దగ్గర పర్విస్ యోకమ్ గడియారం చూసుకుంటున్నాడు.

"అల్లుడూ!" హోబర్ట్ అరిచాడు. "ఏం చెయ్యమంటావ్?"

లోవెల్ నోరు తెరిచాడు. ఏ మాట వస్తుందో అతనికే తెలియలేదు.

నెల్డా జాలీ సందుల్లోంచి వేళ్ళు పోనిచ్చి అతని వేళ్ళు పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేలా.

"కోయమంటావో, ఉంచమంటావో నువ్వే చెప్పు" అంది. "ఒక్కటే అడుగుతున్నా. ఈసారి నీకు గుర్తుండేట్టు చెప్పు."